రాస్ లఫాన్ ఇసుకలో రెండో బేస్

మా ఊరి శాఖా గ్రంథాలయానికి ఒక డాక్టరు గారు తమ ఇంట్లో చెదలు తినగా మిగిలిన ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాన్ని విరాళంగా ఇచ్చారు. మొత్తం సెట్టులో చదవడానికి పనికొచ్చేవి బి, ఎమ్, టి అక్షరాల సంపుటాలు మాత్రమే. పదో తరగతి తప్పిన ఏడాది నేను పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆ మూడింటినీ మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాను. తేనెటీగల కాపురం గురించీ, టెలిస్కోపు గురించీ, మంగోలియా గుర్రాల గురించీ ఎవరడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు. గల్ఫ్ వీసా వచ్చేనాటికి నాకు బహ్రెయిన్ గురించి సమస్తం తెలుసు. తీరా నేను దిగింది ఖతార్‌లో.

తొంభైల నడుమ సంగతి ఇది. రాస్ లఫాన్‌లో రేవూ, గ్యాసు కర్మాగారాలూ లేస్తున్న రోజులు. ఒక కొరియా కంపెనీ సైట్ ఆఫీసులో నేను టైమ్‌కీపర్ని. పొద్దున హాజరు వేయడం, మధ్యాహ్నం ఓవర్‌టైమ్ లెక్క రాయడం, ఆ రెండింటి మధ్యా ఎవరు ఇంగ్లీషులో అరిచినా దాన్ని తెలుగులోకీ, ఎవరు తెలుగులో గొణిగినా దాన్ని ఇంగ్లీషులోకీ మార్చడం నా డ్యూటీ. గొణిగినదాన్ని మార్చేటప్పుడు కొంచెం మర్యాద కలిపేవాణ్ణి.

దారులూ, పార్కింగ్ స్థలాలూ పరిచే పనికి ఫోర్‌మన్‌గా ఒక కొరియా ఆయన ఉండేవాడు. నలభైకి ఇంకా ఇటువైపే ఉన్నాడు. గుండ్రటి భుజాలు, ఎండకి వేగిపోయిన మెడ. ఆయనకో అలవాటుండేది. నడుస్తూ నడుస్తూ చటుక్కున ఆగిపోయేవాడు. మోకాళ్ళు వంచి, రెండు చేతులూ నేలకి దగ్గరగా చాచి, అక్కడ లేని వస్తువునేదో ఎత్తి, ఎడమ పక్కకి విసిరేవాడు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు ముందుకి నడిచిపోయేవాడు. ఆయన కింద పనిచేసే ముఠా అంతా నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వాళ్ళు. మొదట్లో వాళ్ళు అది కొరియా వాళ్ళు పెట్టే దండమనుకుని తిరిగి దండం పెట్టేవారు. తర్వాత నడుం నొప్పి అనుకున్నారు. ముఠా మేస్త్రీ ఒకరోజు నొప్పుల తైలం సీసా తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టి కూడా వెళ్ళాడు.

నాకు మాత్రం ఆ భంగిమని ఎక్కడో చూసిన గుర్తు. రెండు రాత్రులు ఆలోచిస్తే తట్టింది. బి సంపుటం, కుడిచేతి పేజీ, కింద బొమ్మ. మర్నాడు టీ బ్రేకులో ఆయన కప్పులో బిస్కెట్ ముంచుతుండగా వెళ్ళి నిలబడ్డాను.

"సర్, బేస్‌బాల్?"

బిస్కెట్ టీలో పడిపోయింది.

"యూ నో బేస్‌బాల్?" అన్నాడాయన.

తెలుసన్నాను. తెలుసనడమే కాదు, మొత్తం అప్పజెప్పాను. మైదానం పలకని మూల మీద నిలబెట్టినట్టు ఉంటుందనీ, నాలుగు మూలలా బేస్‌లనే నాలుగు గుర్తులుంటాయనీ, వాటిలో మూడు సంచులనీ, బంతిని కొట్టినవాడు మొదటి సంచి దాకా పరిగెత్తాలనీ, వాడికంటే ముందు బంతి అక్కడికి చేరితే వాడు అవుటనీ. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరాయి దేశంలో సొంత ఊరి పేరు విన్నవాడిలా విన్నాడు. నేను ఆగిపోగానే పర్సులోంచి ఒక ఫోటో తీశాడు. తెల్లటి యూనిఫారం, టోపీ, సన్నటి కుర్రాడు. ఆ సన్నటి కుర్రాడు తనే అని నన్ను నమ్మించడానికి చెవులు చూపించాడు. చెవులు మారలేదు.

ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషుకి తోబుట్టువు. రెండూ పుస్తకాల్లోనే పుట్టాయి కాబట్టి మాకిద్దరికీ బాగా అర్థమయ్యేది. ఆ వారం టీ బ్రేకులన్నింటిలో ఆయన చెప్పిన కథ ఇది. కొరియాలో ఆయన డబ్బు తీసుకుని ఆడిన ఆటగాడు. రెండో సంచి దగ్గర నిలబడి నేల బారున దూసుకొచ్చే బంతులు పట్టడం పని. అక్కడ నిలబడేవాళ్ళని ఇన్‌ఫీల్డర్లంటారు. కాకపోతే ఆ స్థానంలో అంతకుముందే ఒక పేరున్న ఆటగాడుండేవాడు. అందుకని మా ఫోర్‌మన్ ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బెంచీ మీద గడిచింది. పేరున్నాయనకి కాలు బెణికినా, కడుపు నొచ్చినా, పెళ్ళిలో తిన్నది పడకపోయినా ఈయన దిగేవాడు. "నాకు కొరియాలో ప్రతి మైదానం బెంచీ తెలుసు. ఏ బెంచీకి మేకు లేచి ఉంటుందో కూడా తెలుసు" అన్నాడు.

చివరికొక రోజు ముఖ్యమైన మ్యాచ్‌లో దింపారు. ఆట అయిపోవచ్చింది. బంతి బత్తాయి దొర్లినట్టు నెమ్మదిగా, నేరుగా ఈయన దగ్గరికే వచ్చింది. అంత సులువైన బంతి రావడంతో ఏమి చేయాలో ఆలోచించాడట. ఆలోచిస్తుండగా అది చేతి తొడుగు మణికట్టు అంచుకి తగిలి ఎగిరి, పక్కవాడి కాళ్ళ మధ్యలోంచి వెళ్ళిపోయింది. వాళ్ళ మేనేజరు, అంటే జట్టుని నడిపే పెద్దాయన, అందరి ముందూ ఒకే మాట అన్నాడు. "నీవి చేతులు కావు, రాళ్ళు." మరుసటి ఏడాది జట్టులో పేరు లేదు. బావమరిది సిఫారసుతో కంపెనీలో చేరి, ఎడారిలో రాళ్ళు పరిపించే పనికి వచ్చాడు. ఈ చివరి మాట చెప్పి ఆయనే నవ్వాడు. నేను మర్యాదకి కాసేపు ఆగి నవ్వాను.

ఇంతలో ఆయనకి ఇంటి నుంచి కబురొచ్చింది. ఆ మేనేజరే ఇప్పుడు రిటైరై, మా ఫోర్‌మన్ సొంత ఊళ్ళో ఒక హైస్కూలు జట్టు చూసుకుంటున్నాడు. ఇన్‌ఫీల్డ్ నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఫోర్‌మన్ భార్య ధైర్యం చేసి వెళ్ళి అడిగింది. పెద్దాయన కాదనలేదు, అవుననలేదు. "ఆట బొత్తిగా తెలియనివాళ్ళకి నేర్పమను. వీడియో తీసి పంపమను. చూస్తాను" అన్నాడు. బడి కొత్త తరగతులు మొదలయ్యేలోపల ఎవరో ఒకరిని తీసేసుకుంటారు. ఆఫీసులో ఒక కొరియా సర్వేయరు వచ్చే శుక్రవారం సాయంత్రం సెలవు మీద వెళ్తున్నాడు. క్యాసెట్ ఆయన చేతిలో పెట్టాలి. ఉద్యోగం వస్తే మా ఫోర్‌మన్ ఇంటికి వెళ్ళి, తనకి తెలిసిన ఒకే ఒక పని చేసుకుంటూ, తన ముఖం మరిచిపోతున్న కూతురితో కలిసి అన్నం తింటాడు. లేకపోతే ఇంకా బోలెడంత ఎడారి ఉంది, పరవాలి.

"ఆట బొత్తిగా తెలియనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?" అని అడిగాడాయన.

నేను కిటికీలోంచి ముఠా వైపు చూపించాను.

వాళ్ళు అప్పుడు లారీలోంచి ఇంటర్‌లాక్ ఇటుకలు దింపుతున్నారు. దారుల మీద పరిచే, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే సిమెంటు ఇటుకలవి. చూడ్డానికి చిన్నవే కానీ కాలి మీద పడితే సెలవు పెట్టాల్సిందే. లారీ మీదివాడు ఒకటి విసురుతాడు. కిందివాడు అందుకుంటూనే తర్వాతివాడికి విసురుతాడు, వాడు ఇంకొకడికి. అలా వరసంతా దాటి, చివర నిలబడ్డ ఒక పొడుగాయన దాన్ని నేల మీద దొంతిగా పేరుస్తాడు. ఒక ఇటుక చేతిలో దిగేలోపు రెండోది గాల్లో ఉంటుంది. ఎవరూ ఇటుక వైపు చూడరు. ఊరి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు.

ఫోర్‌మన్ కిటికీ దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. రోజూ చూసే పనే అది. ఎన్ని ఇటుకలు దిగాయనే చూసేవాడు కాబోలు, చేతులు చూడటం అదే మొదలు.

మేస్త్రీతో బేరం నేను మాట్లాడాను. ఆయనది ఆర్మూరు వైపు. పెద్ద మీసం, తలకి ఎర్ర గళ్ళ రుమాలు.

"శుక్రారం పొద్దుగాల ఆట ఆడాల్నా? డ్యూటీయా, సొంతమా?" అన్నాడు.

"సొంతమేనండీ మేస్త్రీ గారూ. సారుకి సాయం."

"ఆడితే ఏమొస్తది?"

"సారుకి ఊళ్ళో ఉద్యోగం వస్తుందండి. ఇంటికెళ్ళిపోతారు."

మేస్త్రీ బీడీ పక్కన పెట్టాడు. "ఇంటికి పోతడా? అట్ల చెప్పు తమ్మీ. బంతాటేంది, చెడుగుడన్నా ఆడ్తం."

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగాక మొదటి ప్రాక్టీసు. ఫోర్‌మన్ ఆట మానేసినా వదలకుండా వెంట తెచ్చుకున్న పెట్టెలోంచి బ్యాటూ, బంతులూ తీసి, తోలు తొడుగులు పంచాడు. వాళ్ళు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. కాసేపటికి మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు.

"తమ్మీ, గివన్నీ ఎడమ చెయ్యివే. కుడి చెయ్యివి స్టోరోడు అమ్ముకున్నడా ఏంది?"

ఆట ప్రకారం ఒక్క చేతికే తొడుగు అనీ, రెండో చెయ్యి విసరడానికనీ చెప్పాను.

"కంపెనీ జతకు జత ఇస్తది. సారు దగ్గర సగం ఉంటే మోసమే గద. నువ్వు రాసి పెట్టు, రేపు అడుగుదం" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి తోలు తొడుగులు పక్కన పడేసి, సైట్‌లో ఇచ్చే నూలు తొడుగులు రెండు చేతులకీ వేసుకుని నిలబడ్డారు. నేను విజ్ఞాన సర్వస్వం ప్రకారం అభ్యంతరం చెప్పాను. ఫోర్‌మన్ "ఓకే, ఓకే, యల్లా" అన్నాడు. గల్ఫ్‌లో అందరి నోటా నానే ఆ అరబ్బీ మాటకి పదండి, కానివ్వండి అని అర్థం.

సంచులకి బదులు సిమెంటు బస్తాల్లో ఇసుక నింపి మూలలకి పెట్టాం. ఫోర్‌మన్ బ్యాట్‌తో నేల బారున బంతి కొట్టాడు. బంతి గట్టిగా, అడ్డదిడ్డంగా ఎగురుతూ వచ్చింది. మేస్త్రీ దాన్ని గుమ్మడికాయ ఎత్తినట్టు మెత్తగా ఎత్తి, అదే ఊపులో పక్కవాడికి పంపాడు. పక్కవాడు ఆ పక్కవాడికి. బంతి ఆగలేదు, చప్పుడు కూడా చేయలేదు. ఫోర్‌మన్ కొరియా భాషలో ఏదో అన్నాడు. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. బక్కెట్టులో ఉన్న బంతులన్నీ కొట్టేశాడు. ఒక్కటి కింద పడలేదు.

ఆయన కళ్ళు తుడుచుకుని బంతులెక్కడికి పోయాయో చూశాడు. మైదానం చివర, బంతి చేరాల్సిన మొదటి బస్తాకి చాలా దూరంలో, పొడుగాయన వాటిని మూడేసి వరసలుగా పేర్చి, దొర్లిపోకుండా చుట్టూ ఇసుక కట్ట కూడా వేసి, తర్వాతి బంతి కోసం చేతులు చాచి నిలబడి ఉన్నాడు.

మర్నాటి నుంచి నా పని బోధన. పరిగెత్తేవాడికంటే ముందు బంతి బస్తా దగ్గరికి చేరాలని ఎన్ని రకాలుగా చెప్పానో లెక్కలేదు. ఇసుకలో గీతలు గీశాను. బొగ్గుతో బోర్డు మీద బొమ్మ వేశాను. వాళ్ళు శ్రద్ధగా విని, అన్నీ సరిగ్గా తిరిగి అప్పజెప్పి, బంతి రాగానే వరసకి అందించేసేవారు.

"మనిషెందుకు ఉరుకుతుండు తమ్మీ?" అని మేస్త్రీ అడిగాడు. "గాయిన పాపం ఎండల ఉరికొస్తుంటే మనం బంతితోటి ఆపుడేంది? రానీ. బస్తా మీద కూసుండనీ. నీళ్ళియ్యాలె."

"అది ఆట రూలండీ!"

"ఎవలు పెట్టిన్రు గసోంటి రూలు?"

బి సంపుటం ఈ ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు.

ఇదిలా ఉండగా ఇంకో సంగతి బయటపడింది. బంతి కొట్టే పని క్రికెట్ ఆడిన ఒక కుర్ర మేసన్‌కి అప్పగించి, ఫోర్‌మన్ తానే రెండో బస్తా దగ్గర నిలబడ్డాడు. మేస్త్రీ విసిరిన మొదటి బంతి ఆయన చేతిలో పడి జారిపోయింది. రెండోదీ అంతే. మూడోది రొమ్మున తగిలింది. ముఠా అంతా ఎటో చూడ్డం మొదలుపెట్టింది. పెద్ద సారు తప్పు చేస్తే చూడకపోవడం వాళ్ళ మర్యాద. ఫోర్‌మన్ ముఖం ఎర్రగా కందిపోయింది. నన్ను పిలిచి, వాళ్ళు ఎలా పడుతున్నారో అడగమన్నాడు.

మేస్త్రీకి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. అన్నం ఎలా మింగుతావని అడిగినట్టు చూశాడు. చాలాసేపు తన చేతులు చూసుకుని అన్నాడు: "ఇటుకను ఆపొద్దు సారూ. ఆపితే ఏళ్ళు విరుగుతయి. అది వస్తుంటే దాని ఎంబడి మనం గూడ జెర దూరం పోవాలె. దానికే సమజైతది, ఇగ పోదం అని."

ఇది నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఇటుకకి అర్థం కావడమనే భాగం కొంచెం కష్టపెట్టింది. బుధవారం లారీ వచ్చినప్పుడు, ఫోర్‌మన్ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, వరసలో మేస్త్రీకీ ఇంకొకాయనకీ మధ్య వెళ్ళి నిలబడ్డాడు. మొదటి ఇటుకకే బొటనవేలి గోరు నల్లబడింది. వరస ఆగిపోయింది. ఏం పర్వాలేదన్నట్టు "మాఫీ ముష్కిల్, యల్లా" అని అరిచాడు. మధ్యాహ్నానికి ఆయన కూడా ఇటుక వైపు చూడటం మానేశాడు. భాష తెలియకపోయినా పక్కవాళ్ళ కబుర్లకి తలూపడం మొదలుపెట్టాడు. జీపులో అటుగా వెళ్తున్న మా కంపెనీ పెద్ద మేనేజరు తల బయటికి పెట్టి చూసి, ఏమీ అడగకుండా అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం వచ్చింది. సర్వేయరు తన వీడియో కెమెరా ఇచ్చాడు, బ్యాటరీ మాత్రం ఒక్కటే. తీసే పనికి మా క్యాంప్ బస్సు డ్రైవరు ముందుకొచ్చాడు. కడప మనిషి. పెళ్ళిళ్ళలో వీడియో తీసిన అనుభవం ఉందన్నాడు. తీసింది ఎవరి పెళ్ళి అని నేను అడగలేదు.

"ఏమబ్బా, యాడ నిలబడాల?" అన్నాడు.

నిలబడాల్సిన చోటు చూపించాను. కాసేపటికి వెళ్ళి చూస్తే కెమెరా పూర్తిగా వేరే వైపు తిరిగి ఉంది.

"అన్నా, ఆట ఇటుంది కదండీ."

"ఉండబ్బా. ముందు బస్సు తీస్తాండా. ఊరికే మనుషుల్ని తీస్తే వీడియోకు కళ యాడొస్తాది?"

"బ్యాటరీ అయిపోతుందండీ!"

"అయిపోదులే. నా బస్సు కూడా కొరియా చూడాల."

ఇక ఆట. ఫోర్‌మన్ కెమెరా ముందుకి వచ్చి, వంగి నమస్కారం చేసి, కొరియా భాషలో నాలుగు మాటలు చెప్పాడు. మొదట బంతి కొట్టినప్పుడు పరిగెత్తే పని నాది. పుస్తకంలో చదివిన ఏకైక వ్యక్తిని నేనే కాబట్టి ఎవరూ పోటీ రాలేదు. కుర్ర మేసన్ కొట్టాడు. నేను పరిగెత్తాను. మేస్త్రీ ఎత్తాడు, పక్కవాడికిచ్చాడు, వాడు ఇంకొకడికి, వాడు పొడుగాయనకి. నేను మొదటి బస్తా చేరి, ఊపిరి తీసుకుని, తల దువ్వుకున్నాను. పొడుగాయన బంతిని ఎప్పటిలాగే దూరంగా తీసుకెళ్ళి నేల మీద పెట్టి వచ్చాడు. ముఠాలో ఇద్దరు నాకు చప్పట్లు కొట్టారు. ఒకాయన నీళ్ళు తెచ్చాడు.

ఇది మొత్తం వీడియోలో పడింది.

ఫోర్‌మన్ రెండో బస్తా మీద కూర్చుండిపోయాడు. తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని అందరం చుట్టూ చేరాం. తల ఎత్తితే నవ్వుతున్నాడు. ఆపుకోలేకపోతున్నాడు. కొరియా మైదానాల్లో అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నవ్వలేదని తర్వాత చెప్పాడు. నవ్వితే జరిమానా వేసేవారట.

నవ్వు తగ్గాక లేచి, పొడుగాయన దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని మొదటి బస్తా పక్కకి తీసుకొచ్చాడు. బస్తా మీద తట్టి చూపించాడు. "హియర్. స్టాక్ హియర్."

పొడుగాయన నా వైపు చూశాడు.

"దొంతి ఇక్కడ పెట్టాలటండీ. బస్తా మీద."

"గా ముచ్చట మొదలే చెప్పొద్దా?" అన్నాడు పొడుగాయన విసుగ్గా. "దొంతి ఏడ పెట్టాల్నో ఎవలన్న చెప్పిన్రా నాకు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఇంతసేపూ పరిగెత్తేవాడి గురించి చెప్పాం, రూలు గురించి చెప్పాం. పుస్తకం ప్రకారం బంతి చేతిలో ఉండగా బస్తాని తాకితే చాలు. బంతిని జాగ్రత్తగా బస్తా మీద పెట్టేవాడి చెయ్యి బస్తాకి ఎలాగూ తగులుతుంది. ఆయన తన పని తాను చేస్తే పరిగెత్తేవాడు తనంతట తానే అవుట్.

ఆ తర్వాత వరసగా నాలుగైదు సార్లు నేను అవుటయ్యాను. డ్రైవరు "ఇంగ బ్యాటరీ ఎర్ర లైటు కొడతాంది" అని అరిచాడు. ఫోర్‌మన్ నన్ను మొదటి బస్తా దగ్గర నిలబెట్టాడు. ఆఖరిది డబుల్ ప్లే. ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం అది. బంతి కొట్టగానే కుర్రవాడు మొదటి బస్తాకీ, అక్కడున్న నేను రెండో బస్తాకీ పరిగెత్తాలి. బంతి ముందు రెండో బస్తాకీ, అక్కడి నుంచి మొదటి బస్తాకీ మాకంటే ముందు చేరాలి. రెండో బస్తా దగ్గర ఉండేది ఫోర్‌మనే. ఆయన బతుకంతా ఆ చోటే.

మేసన్ గట్టిగా కొట్టాడు. నేను తల వంచుకుని పరిగెత్తాను. సంచి దగ్గర పడుతూ జారాలని పుస్తకంలో ఉంది. నేను పుస్తకాన్ని అనుసరించాను. ఆ మైదానం కింద కంకర పోసి ఉందని పుస్తకం రాసినవాళ్ళకి తెలియదు. ప్యాంటు చిరిగిన చప్పుడు ముందు వినపడింది, తర్వాత మంట పుట్టింది. వెల్లకిలా పడి చూస్తున్న నా కళ్ళకి ఫోర్‌మన్ ఒక్క క్షణం పైన కనపడ్డాడు. మేస్త్రీ పంపిన బంతి వచ్చింది. ఆయన దాని వైపు చూడలేదు. కాలు బస్తాని తాకింది, చేతులు బంతితో పాటు జానెడు దూరం వెనక్కి వెళ్ళాయి, అదే ఊపులో తిరిగి బంతి నా మీదుగా వెళ్ళిపోయింది. అవతల పొడుగాయన వంగి, దాన్ని బస్తా మీద పెట్టి, దుమ్ము ఊదాడు.

"ఖల్లాస్" అన్నాడు డ్రైవరు. బ్యాటరీ అయిపోయింది.

క్యాసెట్ మొత్తం చూసే సమయం లేదు. సర్వేయరు గదిలో ప్లేయరు మీద గబగబా తిప్పి చూస్తే మొదట చాలాసేపు బస్సు. ముందు వైపు, పక్క వైపు, టైరు. తర్వాత ఫోర్‌మన్ ప్రసంగం, వెనక బస్సు. తర్వాత నేను బస్తా మీద తల దువ్వుకోవడం, నీళ్ళు తాగడం, ఫోర్‌మన్ కూలబడి నవ్వడం. డబుల్ ప్లే చివర్లో రెప్పపాటు ఉంది, అందులో సగం నా చిరిగిన ప్యాంటు. ఫోర్‌మన్ క్యాసెట్‌ని కవర్లో పెడుతూ, "బెంచీ" అన్నాడు. మళ్ళీ బెంచీ మీదికే అని. సర్వేయరు బస్సెక్కాడు.

ఆ తర్వాతి వారాలు ముఠా అంతా ఆఫీసు చుట్టూ తిరగడం ఎక్కువైంది. ఊరి నుంచి ఫోన్లో మేస్త్రీ భార్య కూడా అడిగిందట, "దుబాయ్‌ల మీ బంతి సారు నౌకరి ఏమాయె?" అని. ఖతార్ అని మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి గల్ఫ్ అంతా దుబాయే. ఫోర్‌మన్ మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా పనేదో గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయేవాడు. తీయాల్సింది నేను. నాకు కొరియా భాష రాదు. హలో అంటే అవతలివాళ్ళు పెట్టేసేవారు. అవన్నీ ఆ ఫోనేనేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం టీ బ్రేకులో ఫోన్ మోగినప్పుడు ఆయన నోట్లో బిస్కెట్ ఉంది, లేచి వెళ్ళడానికి కుదరలేదు. తీసి "యొబోసెయో" అని కొరియా హలో చెప్పాడు. వెంటనే నిటారుగా నిలబడ్డాడు. ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఫోన్‌కి వంగి వంగి నమస్కారాలు చేశాడు. అవతలివైపు నుంచి పెద్దగా అరుపులు వినపడ్డాయి. మధ్యలో అరుపులు ఆగాయి. ఫోర్‌మన్ ఏదో చిన్న మాట అన్నాడు. తర్వాత ఇంకో మాట. ఫోన్ పెట్టేసి బయటికి నడిచాడు. ముఠా అంతా నీడలో టీ తాగుతోంది. ఆయన నాతో ఇంగ్లీషులో చెబుతుంటే నేను వాళ్ళకి తెలుగులో చెప్పాను.

"పెద్దాయన ముందు ఆ బస్సు ఎవరిదని అడిగారటండీ."

"చూస్తివా?" అన్నాడు డ్రైవరు.

"తర్వాత ఇలా అన్నారట. 'నా దగ్గరున్న పిల్లలకి ఆటంతా తెలుసు, బంతి మాత్రం చేతిలో నిలవదు. నీ మనుషులకి ఆట ఒక్క ముక్క తెలీదు, బంతి మాత్రం కింద పడలేదు. అదెలా నేర్పావు?' అని. సారు, 'నేను నేర్పలేదు, వాళ్ళకి ముందే వచ్చు' అన్నారట."

"అయ్యో, గట్లెందుకు చెప్పిండు?" మేస్త్రీ తల పట్టుకున్నాడు. "నేర్పిన అంటే ఏం పోతుండె? నౌకరి పాయె గద!"

"ఆగండి మేస్త్రీ గారూ. 'మరి నువ్వేం చేశావు' అని పెద్దాయన అడిగారట. 'వరసలో నిలబడ్డాను' అని సారు చెప్పారట. ఆ చివర డబుల్ ప్లే నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశారట ఆయన. తరగతులు మొదలయ్యేలోపు వచ్చెయ్యమన్నారు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మేస్త్రీ లేచి ఫోర్‌మన్ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. నల్లబడిన గోరు ఇంకా పూర్తిగా పోలేదు, ఆయన తెలుగులోనే "అయ్యో" అన్నాడు. అందరూ నవ్వారు. డ్రైవరు బస్సు దగ్గరికి పరిగెత్తి హారన్ కొట్టి వచ్చాడు.

అరుపులు సద్దుమణిగాక మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తమ్మీ, ఆ బడిల పిల్లగాండ్ల చేతుల బంతి నిలుస్తలేదన్నడు గద. మరి ఇటుకలందించెటోల్లు గావాల్నా? వీసా ఉందేమో అడుగు."

"మేస్త్రీ గారూ, అది బడండీ."

"అడుగుడుకేంది? కంపెనీ వీసానా, ఫ్రీ వీసానా, గది గూడ అడుగు. తిండి వాళ్ళదేనా?"

"బడి అంటే బస్సు ఉంటాది కదబ్బా" అని వెనక నుంచి డ్రైవరు అందుకున్నాడు. "డ్రైవరుకు కూడా అడుగు. వీడియో చూసినాడు కదా ఆయప్ప."

అడిగాను. ఫోర్‌మన్ నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. టోపీ తీసి, తల గోక్కుని, వెళ్ళగానే పెద్దాయనని అడుగుతానని, నిజంగానే అడుగుతానని చెప్పాడు. ఆ మాట వినగానే మేస్త్రీ ముఠా వైపు తిరిగి ఎవరెవరు పోతారో చెయ్యెత్తమన్నాడు. చాలా చేతులు లేచాయి. పొడుగాయన మాత్రం ఎత్తలేదు.

"ఆడ చలి పెడ్తదా?" అని నన్నడిగాడు.

ఫోర్‌మన్‌ని అడిగి చెప్పాను. చలికాలంలో మంచు కురుస్తుందట. మైదానం మొత్తం తెల్లగా కప్పుకుపోతుందట.

పొడుగాయన గ్లాసు అడుగున మిగిలిన టీ ఇసుకలో పారబోశాడు. "అయితే నాకొద్దు తియ్" అని లారీ వైపు నడిచాడు. అక్కడ లారీ డ్రైవరు టార్పాలిన్ పక్కకి తీసి పెట్టాడు, ఆ రోజు దింపాల్సిన ఇటుకలన్నీ అలాగే ఉన్నాయి. ఫోర్‌మన్ వాచీ చూసుకుని, "యల్లా, యల్లా" అన్నాడు.